ఎండాకాలం ఇంట్లో వేడి తిప్పలు: సమస్య - కారణం - పరిష్కారం

నల్లగొండ అయినా, మిర్యాలగూడ అయినా, పాలమూరు అయినా మే నెలలో 44 డిగ్రీలు దాటడం మనకు కొత్తేం కాదు. అందుకే ఇంట్లో ఏది సరిగా పనిచేయకపోయినా "ఎండకు అట్లనే ఉంటది" అని వదిలేస్తాం. వదిలేసే ముందు ఒక్కటి చూడండి, ఆ ఇబ్బంది ఏ టైంలో వస్తోంది? మధ్యాహ్నమా, రాత్రా, వాన పడ్డాకనా? సగం కారణం అక్కడే తెలిసిపోతుంది.

బయట చల్లబడింది, గది మాత్రం రాత్రి పదకొండింటికి కూడా ఉడుకుతోంది

ఏసీ కోసం ఈఎంఐ లెక్కలు వేసుకునే ముందు, ఫ్యాను ఆపి, స్టూలు ఎక్కి స్లాబుకు చెయ్యి ఆనించి చూడండి. వెచ్చగా తగిలితే దొంగ దొరికినట్టే.

కాంక్రీటు వేడిని నెమ్మదిగా పంపిస్తుంది. మిట్ట మధ్యాహ్నం పైన పడిన ఎండ స్లాబు కింది వైపుకు చేరడానికి గంటలు పడుతుంది, అందుకే మనం పడుకునే వేళకు కూడా అది దిగుతూనే ఉంటుంది. పైగా అది తక్కువ సరుకేం కాదు. వంద చదరపు అడుగుల గది మీద 5 అంగుళాల స్లాబు ఉంటే దాని బరువే సుమారు 2800 కిలోలు, అది 10 డిగ్రీలు చల్లబడాలంటే దాదాపు 7 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడిని ఎటో ఒకవైపు వదలాలి, అందులో కొంత నేరుగా మీ మంచం మీదికే వస్తుంది.

మరి ఏం చేయాలి? అసలు ఆ వేడి ఎక్కకుండా చూడడమే మేలు. ఎండలు ముదరకముందే డాబా మీద తెల్ల సున్నమో, కూల్ రూఫ్ పెయింటో వేయించండి, తెల్లటి పైకప్పు ఎండను చాలావరకు వెనక్కి కొడుతుంది. 2023లో మన రాష్ట్రం తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ వెనుక ఉన్న సంగతి కూడా ఇదే. ఆ స్తోమత లేకపోతే పొద్దుగూకాక డాబా మీద నీళ్లు చల్లండి. ఒక లీటరు నీరు ఆవిరైతే అర యూనిట్ పైనే వేడి పోతుంది, అయితే అదంతా స్లాబు నుంచే పోదు, కొంత గాలి నుంచి పోతుంది, అందుకని రెండు బకెట్లు పలచగా చల్లడం మంచిది. చల్లిన నీరు ఆరిపోవాలి, మడుగు కట్టి నిలబడితే లాభం తక్కువ. మండుటెండలో మాత్రం గుమ్మరించకండి, పైపొర ఒక్కసారిగా ముడుచుకుని సన్న పగుళ్లు ఉంటే అవి పెద్దవవుతాయి, వానాకాలంలో అక్కడే ఉరుస్తుంది.

ఫ్యాను తిరుగుతోంది, నిప్పుల గాలి కొడుతోంది

ఫ్యానులో లోపం లేదు. అది గాలిని చల్లబరచదు, మన చెమటను ఆరబెడుతుంది, అంతే. చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. గదిలో గాలి అంతకన్నా వేడిగా ఉంటే ఫ్యాను ఆ వేడిని తెచ్చి ఒంటికి కొడుతుంది. తడి టవలు ఒంటి మీద వేసుకుని కూర్చుంటే తేడా తెలుస్తుంది. గదిలో 40 దాటితే ముసలోళ్లను, పసిపిల్లలను ఒట్టి ఫ్యాను కింద వదిలేయకండి.

కూలర్ పెట్టినా చల్లదనం లేదు

దీనికి మూడు కారణాలున్నాయి, మూడూ వేరు వేరు.

గది జిగటగా, పరుపు తడిగా అనిపిస్తే గాలి బయటికి పోయే దారి లేదని అర్థం. తడి గాలి గదిలోనే తిరుగుతుంటే కూలర్ గడ్డిలోని నీరు ఇంకా ఎట్లా ఆరుతుంది? కూలర్‌కు ఎదురు కిటికీ తెరవండి. ఏసీ అలవాటుతో తలుపులన్నీ బిగించి కూలర్ పెట్టేవాళ్లు ఊరికొకరైనా ఉంటారు.

కిటికీ తెరిచినా, బయట పొడి ఎండే ఉన్నా చల్లగా రాకపోతే గడ్డిని చేత్తో పట్టి చూడండి. తెల్లగా గట్టిపడిందా? అది బోరు నీళ్ల ఉప్పు. నీరు ఆవిరైపోతుంది గానీ అందులోని ఉప్పు ఎటూ పోదు, రోజురోజుకూ పేరుకుని తడి పట్టే సందులన్నీ మూసేస్తుంది. టబ్బులో నీళ్లు రెండు మూడు రోజులకోసారి పూర్తిగా పారబోసి కొత్తవి పట్టండి, గడ్డి మార్చండి.

మొన్నటిదాకా బాగా పనిచేసి మృగశిర వానలు పడ్డాక మొండికేస్తే రిపేరు ఏమీ లేదు, గాలిలోనే తేమ నిండింది. పంపు ఆపి ఒట్టి ఫ్యానుగా వాడుకోండి.

కొందరు టబ్బులో ఐసుగడ్డలు వేస్తారు. కిలో ఐసు కరిగితే 334 కిలోజౌళ్ల వేడి తీసుకుంటుంది, అదే కిలో నీరు ఆవిరైతే 2400 దాకా తీసుకుంటుంది, అంటే ఏడింతలు. ఐసు డబ్బులు దాచుకుని కొత్త గడ్డి కొనడం నయం.

రంజన్‌లో నీళ్లు చల్లబడటం లేదు

కథ ఇక్కడా అదే. కుండ గోడలోని సన్న రంధ్రాల నుంచి నీరు బయటికి ఊరి ఆరితేనే లోపలి నీళ్లు చల్లబడతాయి. పైన రంగు వేసిన కుండ అందంగా ఉంటుంది, చల్లబరచదు. పాతదైతే కొబ్బరి పీచుతో ఒట్టి నీళ్లు పోసి రుద్దండి, సబ్బు వద్దు, మట్టి దాన్ని పీల్చుకుంటుంది. నీడ ఉండి గాలి ఆడే చోట పెట్టండి, మూసిన వంటింటి మూలలో కాదు.

బోరు నీళ్లు మరగబెట్టి తాగుతున్నా ఫ్లోరైడ్ భయం పోలేదు

పోకూడదు కూడా. మరగబెడితే క్రిములు చస్తాయి, సున్నపు కాఠిన్యం కొంత గిన్నె అడుగున తెల్లగా దిగుతుంది, కానీ ఫ్లోరైడ్ ఆవిరి కాదు. నీరు తగ్గేకొద్దీ మిగిలిన నీళ్లలో దాని పాళ్లు ఇంకా పెరుగుతాయి. మర్రిగూడ, మునుగోడు వైపు వాళ్లకు ఇది మరీ ముఖ్యం. దాన్ని తీయడానికి పటిక, సున్నం వేసి తేర్చే పద్ధతి ఉంది, నాగపూర్‌లోని నీరి (NEERI) అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేసింది, పేరు కూడా నల్లగొండ పద్ధతే. కానీ పాళ్లు నీళ్లను బట్టి మారతాయి, అందాజాగా వేయకండి. మిషన్ భగీరథ నల్లా నీళ్లు వస్తుంటే తాగడానికీ వంటకూ అవే పట్టుకోండి.

గేటు గడియ మధ్యాహ్నం పడదు, పొద్దున పడుతుంది

ఇనుము సాగుతోంది. 12 అడుగుల గేటు 40 డిగ్రీలు వేడెక్కితే రెండు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ పెరుగుతుంది, బిగుతు గడియకు అది చాలు. వెల్డింగ్ అతనితో గడియ రంధ్రం కొంచెం వెడల్పు చేయించండి. వానాకాలంలో పట్టేసే చెక్క తలుపు సంగతి వేరు, అది తేమకు ఉబ్బుతుంది.

ఎండలో నడిపాక టైరులో గాలి ఎక్కువ చూపిస్తోంది

తీసేయకండి. పొద్దున 25 డిగ్రీల దగ్గర 30 పీఎస్ఐ ఉన్న టైరు, లోపలి గాలి 60 డిగ్రీలకు చేరితే 35 పీఎస్ఐ దాటుతుంది. అది చూసి గాలి వదిలేస్తే మర్నాడు పొద్దునకు టైరు మెత్తగా ఉంటుంది, మెత్తటి టైరు ఎక్కువ నలిగి ఇంకా వేడెక్కుతుంది, హైవే మీద పేలేది ఎక్కువగా అవే. పొద్దున్నే, బండి కదలకముందు చూసుకోండి. బంకు దూరమైతే బండి చల్లారేదాకా నీడలో పెట్టి ఆ తర్వాత కొట్టించండి.