కేజీఎఫ్ సైనైడ్ దిబ్బల మీద పనికి దిగే ముందు జాగ్రత్తలు

కోలార్ బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. రాయి నుంచి సైనైడ్‌తో బంగారం తీశాక మిగిలిన మిల్లు వ్యర్థాల దిబ్బలు, అంటే సైనైడ్ దిబ్బలు, మాత్రం ఇళ్ల పక్కనే ఉన్నాయి. మొక్కలు నాటడానికో, చదును చేయడానికో వెళ్లేవాళ్లు ముందు ఇవి చూసుకోండి.

• పాత షాఫ్టుల (గనిలోకి దిగే లోతైన బావుల) మూతల మీద నడవొద్దు, లారీ ఆపొద్దు. లోపల ఆక్సిజన్ చాలదు. పాత ఇనుము కోసమో, బంగారు మట్టి కోసమో దొంగచాటుగా దిగినవాళ్లు ఊపిరాడక చనిపోయారు. ఒకరు పడిపోతే కాపాడదామని మీరు దిగకండి, రెస్క్యూ టీమ్‌ను పిలవండి. కంచె, రాత్రి కాపలా కుదిరాకే పని మొదలుపెట్టాలి. నాకు అన్నిటికన్నా టెన్షన్ దీని గురించే.

• దిబ్బ మీది సన్నటి పొడి గాలికి లేచి వంటింటి గిన్నెల దాకా వస్తుంది. అందులో ఊపిరితిత్తులను పాడుచేసే సిలికా ఉంటుంది. తవ్వే ముందు నీళ్లు చల్లండి. మూతికి గుడ్డ కడితే చాలదు, ఎన్95 మాస్క్ కావాలి. గాలి ఎక్కువుంటే ఆ రోజు పని ఆపేయండి.

• సైనైడ్ మిగిలి ఉండే మట్టికి యాసిడ్ తగలనివ్వొద్దు. ప్రాణం తీసే వాయువు వస్తుంది.

• వానలకు ముందే దిబ్బ చుట్టూ గట్టు, కాలువ. బోరు నీళ్లకు ఆర్సెనిక్ పరీక్ష.

• కాలనీల వాళ్లకు తమిళం, తెలుగు, కన్నడ మూడింట్లోనూ ఇంటింటికీ వెళ్లి చెప్పండి.