ముగ్గు పోయకముందే: చిన్న పట్టణంలో ఇంటి అనుమతికి దరఖాస్తు చేసే విధం

నర్సంపేట, పరకాల, జనగామ, తొర్రూరు వంటి పట్టణాల్లో ఇల్లు కట్టదలచిన వారు సాధారణంగా ముందు ముహూర్తం చూసుకొని, తరువాత మేస్త్రీతో మాట్లాడుకొని, అన్నిటికీ చివర మున్సిపల్ అనుమతి సంగతి తలపెడతారు. ఈ వరుసను తలకిందులు చేయాలని నా మనవి. ఆషాఢంలో ఎలాగూ పనులు మొదలుపెట్టరు కనుక, ఆ నెలను కాగితాలకూ కొలతలకూ కేటాయిస్తే శ్రావణంలో నిశ్చింతగా ముగ్గు పోసుకోవచ్చు.

తెలంగాణలో 2020లో టీఎస్ బీపాస్ అనే భవన అనుమతుల చట్టం వచ్చిన తరువాత చిన్న ఇళ్లకు అనుమతి స్వీయ ధ్రువీకరణ మీద లభిస్తున్నది. 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు మించకుండా కట్టుకునే నివాస గృహానికి అనుమతి అక్కరలేదు. ఒక్క రూపాయి చెల్లించి నమోదు చేసుకుంటే చాలునని చట్టం చెప్పింది. అంతకు మించి 600 గజాల వరకు, 10 మీటర్ల ఎత్తు వరకు కట్టే ఇళ్లకు దరఖాస్తు చేసి రుసుము చెల్లించిన వెంటనే అనుమతి వస్తుంది. ఇంకా పెద్ద కట్టడాలకు 21 రోజుల గడువు ఉన్నది. 2025లో ప్రభుత్వం బిల్డ్‌నౌ అనే కొత్త ఆన్‌లైన్ వ్యవస్థను తెచ్చింది. ఇందులో నక్షా నిబంధనల ప్రకారం ఉన్నదో లేదో కంప్యూటరే సరిచూస్తుంది. కాబట్టి దరఖాస్తు ఏ పోర్టల్‌లో చేయాలో మీ మున్సిపల్ కార్యాలయంలోని టౌన్ ప్లానింగ్ విభాగంలో ముందే అడిగి తెలుసుకోవాలి.

వెంటనే అనుమతి అంటే సులభమైన పని అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇంతకు పూర్వం అధికారి వచ్చి స్థలం చూసి, కాగితాలు పరిశీలించి, తప్పుంటే చెప్పేవారు. ఇప్పుడు ఆ పరిశీలన భారమంతా దరఖాస్తుదారుని మీదనే పడింది. మీరు ఇచ్చిన వివరాలు అబద్ధమని తేలితే అనుమతిని రద్దు చేయడానికీ, నోటీసు లేకుండానే కట్టడాన్ని కూల్చడానికీ చట్టం అధికారమిచ్చింది. అందుచేత కంప్యూటర్ ముందు కూర్చునే ముందు టేపు పట్టుకొని స్థలానికి వెళ్లడం అవసరం.

మా మేనమామకు రిజిస్ట్రీ కాగితంలో 167 గజాలు ఉండగా, కొలిస్తే 160 గజాలే తేలాయి. పక్క ప్రహరీ ఎన్నో ఏళ్ల క్రితమే లోపలికి జరిగింది. కాగితంలో ఉన్న కొలతతోనే నక్షా గీయించి ఉంటే, ఆ గోడ పక్కన వదిలినట్టు చూపిన ఖాళీ నేల మీద ఉండేది కాదు. అందుకని నాలుగు వైపులా కొలిచి, దస్తావేజులోని చెక్కుబందీతో, అంటే నాలుగు దిక్కుల హద్దుల వివరంతో పోల్చి, తక్కువైతే ఉన్న కొలతకే నక్షా గీయించుకోవాలి. వివాదం ఉంటే సర్వేయర్ చేత హద్దులు తేల్పించుకున్న తరువాతనే ముందుకు సాగాలి.

కొలతతో పాటు రోడ్డు వెడల్పును కూడా కొలవాలి, ఎందుకంటే ఎక్కువ మంది లెక్క తప్పేది ఇక్కడే. ఉదాహరణకు 30 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు గల స్థలం ముందు 20 అడుగుల రోడ్డు ఉన్నదనుకుందాం. నిబంధనల ప్రకారం రోడ్డు 30 అడుగులకు పెరగాలి కనుక రోడ్డు మధ్య నుండి 15 అడుగులు వదలాలి. అంటే మీ స్థలంలో 5 అడుగులు రోడ్డుకు పోతాయి. మిగిలిన 30 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవు గల స్థలం 150 గజాలు, అనగా సుమారు 125 చదరపు మీటర్లు. 100 నుండి 200 చదరపు మీటర్ల స్థలాలకు, 10 మీటర్ల ఎత్తు వరకు, ముందు వైపు 1.5 మీటర్లు, మిగిలిన మూడు వైపులా ఒక్కొక్క మీటరు ఖాళీ వదలాలని 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు చెబుతున్నాయి. ఆ ఖాళీలు తీసివేస్తే కట్టుకోవడానికి మిగిలేది దాదాపు 23 అడుగుల 6 అంగుళాల వెడల్పు, 37 అడుగులకు కాస్త తక్కువ పొడవు. అంటే ఒక అంతస్తుకు సుమారు 860 చదరపు అడుగులు. పదిహేను వందల చదరపు అడుగుల స్థలం మొత్తం తమదేనని గదులు ఊహించుకున్న కుటుంబానికి ఈ లెక్క ముందే తెలియడం ఎంతో మేలు. వాస్తు కోసం ఉత్తరం, తూర్పు ఎక్కువ వదిలి, దక్షిణం, పడమర గోడను హద్దు మీదనే లేపే అలవాటు మన వైపు బాగా ఉన్నది. నిబంధన నాలుగు దిక్కులకూ వర్తిస్తుంది. ఆ మీటరు ఖాళీలో మెట్లు గానీ, మరుగుదొడ్డి గానీ కట్టరాదు.

స్థలం ఎక్కడ ఉన్నదన్నది మరొక ముఖ్య విషయం. కాకతీయుల కాలం నుండి గొలుసుకట్టు చెరువులతో నిండిన ప్రాంతం మనది. చెరువు పూర్తి నీటిమట్టం హద్దు, అంటే ఎఫ్‌టీఎల్ లోపల కట్టడానికి వీలు లేదు. దాని వెలుపల కూడా 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు వదలాలి. 2020 ఆగస్టులోనూ, 2023 జూలైలోనూ వరంగల్, హనుమకొండ కాలనీలు నీట మునగడం చూసిన వారికి ఈ నిబంధన విలువ వేరే చెప్పనక్కరలేదు. వరంగల్ కోట, వేయిస్తంభాల గుడి వంటి కేంద్ర రక్షిత కట్టడాలకు 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆ తరువాతి 200 మీటర్లలో పురావస్తు అధికారుల అనుమతి వేరుగా తీసుకోవాలి. మీ పట్టణం కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ (కుడా) పరిధిలో ఉంటే మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబరు నివాసాలకు కేటాయించిన జోన్‌లో ఉన్నదా, ప్రతిపాదిత రోడ్డు దాని మీదుగా వెళుతున్నదా అని చూసుకోవాలి.

కాగితాలలో రిజిస్టర్డ్ సేల్ డీడు, దానికి ముందున్న లింకు డాక్యుమెంట్లు, మీసేవలో తీసుకునే ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ లావాదేవీల పత్రం), ఆధార్, స్థలం ఫోటోలు ఉండాలి. లేఅవుట్‌కు అనుమతి లేకపోతే ఎల్‌ఆర్‌ఎస్ అనే క్రమబద్ధీకరణ పథకం కింద ఇచ్చిన ఉత్తర్వు కావాలి. 2020 ఆగస్టు 26కు ముందు రిజిస్టరైన ప్లాట్లకే ఆ పథకం వర్తించింది. గుంటల లెక్కన కొన్న వ్యవసాయ భూమి అయితే నాలా మార్పిడి, అంటే వ్యవసాయేతర భూమిగా మార్పు జరిగి ఉండాలి. గుంటకు 121 గజాలని చెప్పి అమ్మిన భూమి పట్టాదారు పాసుపుస్తకంలో ఇంకా సాగుభూమిగానే ఉండడం నేను తరచుగా చూశాను.

ఆ తరువాత లైసెన్స్ ఉన్న ఇంజినీరు చేత నక్షా గీయించాలి. కేవలం ‘పని చేసిపెడతాను’ అనే మధ్యవర్తికి ఫోను, ఓటీపీ అప్పగించవద్దు. ధ్రువీకరణ మీ పేరున జరుగుతుంది కాబట్టి ప్రతి అంకెనూ మీరే చదివి చూడాలి. దరఖాస్తులో సర్వే నంబరు, దస్తావేజు నంబరు, కొలతలు, రోడ్డు వెడల్పు నింపిన తరువాత రుసుము కనిపిస్తుంది. అది స్థలం విలువను, కట్టే విస్తీర్ణాన్ని బట్టి మారుతుంది. ఖాళీ స్థలం పన్ను బకాయి ఉంటే అదీ కలుస్తుంది. సొంత ఇంటి నిర్మాణ ఖర్చు నిర్దేశిత పరిమితి దాటితే కార్మిక సంక్షేమ సెస్సు కూడా చెల్లించాలి. డబ్బు ఆన్‌లైన్‌లోనే కట్టి, రశీదు భద్రపరచుకోవాలి.

అనుమతి పత్రం రాగానే పిల్లర్ల గుంతలు తవ్వించకుండా, ఆమోదిత నక్షాను మేస్త్రీకి ఇచ్చి, ముగ్గు పోసేటప్పుడు ఇంజినీరును స్థలానికి రప్పించి కొలతలు సరిచూడాలి. స్లాబు సమయంలో ఒక గది పెంచుదామన్న ఆలోచన వస్తే, ముందు సవరించిన నక్షాకు అనుమతి తీసుకోవాలి. గృహ రుణం విడతలుగా విడుదలయ్యేటప్పుడు బ్యాంకు ఇంజినీరు కూడా ఇదే నక్షాతో పోల్చి చూస్తారు. ఇల్లు పూర్తయ్యాక అదే అనుమతి పత్రంతో ఇంటి నంబరుకూ, ఆస్తి పన్ను మదింపుకూ దరఖాస్తు చేయాలి.