పాత అంబాసిడర్ ఇంజన్: కామ్ నుంచి వాల్వ్ దాకా ఏది చూడాలి, ఏది మార్చాలి

ఇక్కడ చెప్పేది 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ గురించి. 1990ల్లో వచ్చిన ఇసుజు 1800 ఇంజన్‌కు కామ్ షాఫ్ట్ హెడ్‌లోనే (సిలిండర్ల పైమూతలోనే) ఉంటుంది, దానికి ఈ లెక్కలు పనికిరావు. పద్మినిదీ పుష్ రాడ్ ఇంజనే కాబట్టి పద్ధతి ఇదే, గ్యాపులు (రాకర్‌కు, వాల్వ్‌కు మధ్య వదలాల్సిన ఖాళీలు) మాత్రం దాని మాన్యువల్ ప్రకారం పెట్టుకోవాలి.

బ్లాకులో కామ్ తిరుగుతుంది. దాని మీద టాపెట్ లేస్తుంది, టాపెట్ పుష్ రాడ్‌ను, పుష్ రాడ్ రాకర్‌ను, రాకర్ వాల్వ్‌ను నెడతాయి. అరుగుదల ఎక్కడ మొదలైనా చప్పుడు మాత్రం పైన రాకర్ కవర్ దగ్గరే వినపడుతుంది. అందుకే చాలామంది రాకర్ మీది గ్యాప్ స్క్రూ బిగించి చప్పుడు ఆపేస్తారు. అలా చేయొద్దు. గ్యాప్ ఎక్కువైతే టకటకమంటుంది, అంతే. తక్కువైతే వాల్వ్ పూర్తిగా మూసుకోక, చప్పుడు లేకుండానే కాలిపోతుంది.

విప్పేటప్పుడు

ముందు రేడియేటర్ నీళ్లు దించండి. రాకర్ స్టాండ్లను పట్టి ఉంచే నట్లలో నాలుగు హెడ్‌ను కూడా పట్టి ఉంచుతాయి. వాటిని మాత్రమే వదులు చేస్తే హెడ్ వంకర తిరిగి, నీళ్లు సిలిండర్లలోకి, ఆయిల్ చాంబర్‌లోకి దిగుతాయి. అందుకే హెడ్ నట్లన్నీ ఒక్కోటి పావు చుట్టు చొప్పున, వంతులవారీగా వదులు చేయాలి.

పుష్ రాడ్‌ను నేరుగా పైకి లాగొద్దు. అటూ ఇటూ తిప్పి, కింద టాపెట్‌తో ఉన్న ఆయిల్ పట్టు వదిలించి తీయండి. లేకపోతే టాపెట్ కూడా వెంట లేచి గూటిలోంచి పక్కకు పడుతుంది. ఒక అట్టకు ఎనిమిది రంధ్రాలు చేసి, రేడియేటర్ వైపు నుంచి 1 నుంచి 8 దాకా నంబర్లు వేసి, రాడ్లను వరుసగా గుచ్చండి. టాపెట్లకు, వాల్వ్‌లకు కూడా నంబర్లు ఉండాల్సిందే. పాత టాపెట్ తన లోబ్‌తోనే (దాన్ని లేపే కామ్ ఉబ్బుతోనే) అరిగి కుదురుకుంటుంది. వేరే లోబ్ మీద పెడితే రెండూ పాడవుతాయి.

రాకర్లు, షాఫ్ట్

షాఫ్ట్ విప్పేముందు ఆయిల్ రంధ్రాలు ఎటు చూస్తున్నాయో గుర్తు పెట్టుకోండి. రాకర్లు తీసి షాఫ్ట్ అడుగు వైపు గోరుతో గీయండి. గోరు తట్టుకునేంత మెట్టు ఉంటే షాఫ్ట్ మార్చాలి, బుష్‌లు కూడా వేయించాలి. చివరి ప్లగ్ విప్పి లోపల పేరుకున్న నల్ల మడ్డిని గ్యాస్ నూనెతో, తీగతో శుభ్రం చేయండి. ఏళ్ల తరబడి నిలబెట్టిన బండిలో ఈ దారి మూసుకుపోయి రాకర్లకు ఆయిల్ అందదు.

వాల్వ్ తలను తాకే రాకర్ ముక్కును వెలుతురులో పక్కనుంచి చూడండి. వాల్వ్ కాడంత వెడల్పున చిన్న గుంట పడి ఉంటుంది. ఫీలర్ గేజి (గ్యాప్ కొలిచే పల్చటి రేకు) ఆ గుంటలోకి దిగదు, రెండు గట్ల మీదే ఆగుతుంది. గేజి పదిహేను థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) చూపిస్తున్నా అసలు గ్యాప్ అంతకన్నా ఎక్కువే. ఎన్నిసార్లు సెట్ చేసినా చప్పుడు పోని బండ్లలో ముందు చూడాల్సింది ఇదే. ముక్కును మిషన్ మీద గ్రైండ్ చేయించాలి లేదా రాకర్ మార్చాలి. చేత్తో ఫైల్ పట్టి రుద్దితే వంపు పోతుంది.

పుష్ రాడ్లను అద్దం మీద దొర్లించండి. ఎగిరెగిరి దొర్లితే వంగినట్టు. తిన్నగా కొట్టే ప్రయత్నం వద్దు, మార్చేయండి.

కామ్, టాపెట్లు

టాపెట్ అడుగు కంటికి చదునుగా కనిపిస్తుంది కానీ కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది. అందుకే లోబ్ మీద తిరుగుతూ అరుగుదలను పంచుకుంటుంది. అడుగున గుంటలున్నా, ఒకే దిక్కున గీతలున్నా అది తిరగడం ఆగిపోయినట్టు, దాని లోబ్ కూడా పోయినట్టే. డయల్ గేజి పెట్టి ఎనిమిది లోబ్‌ల లిఫ్ట్ (ఎంత ఎత్తు లేపుతున్నాయో) కొలవండి. ఒకటి మిగతావాటికన్నా పది థౌ (0.25 మి.మీ.) తక్కువుంటే కామ్ మార్చాలి. కొత్త కామ్‌కు కొత్త టాపెట్లే వేయాలి. పాతవి వేసి డబ్బులు మిగుల్చుకుందామనుకుంటే కొత్త కామ్ పోతుంది.

గైడ్, సీటు, వాల్వ్

లేత్ షాపులో ముందు గైడ్లు (వాల్వ్ కాడ జారే గొట్టాలు), ఆ తర్వాతే సీట్ (వాల్వ్ మూసుకున్నప్పుడు ఆనే అంచు) కటింగ్. కట్టర్ గైడ్‌ను ఆధారం చేసుకుని తిరుగుతుంది కాబట్టి, తర్వాత గైడ్ మారిస్తే సీటు మధ్యలోంచి తప్పుతుంది. వాల్వ్ కాడకు, గైడ్‌కు మధ్య ఖాళీ ఇన్‌లెట్‌కు 1.5 నుంచి 2.5 థౌ, ఎగ్జాస్ట్‌కు 2 నుంచి 3 థౌ ఉండాలి. ఇన్‌లెట్ గైడ్ వదులైతే నీలం పొగ వస్తుంది. ఎగ్జాస్ట్ గైడ్ మరీ బిగుతైతే వేడికి వాల్వ్ పట్టేస్తుంది. మన ఎండల్లో ఈ రెండోదే ప్రమాదం.

సీటు కోణం 45 డిగ్రీలు. ఎగ్జాస్ట్ వాల్వ్ తన వేడిని సీటు ద్వారానే వదులుకుంటుంది కాబట్టి అక్కడ తాకే పట్టీ ఇన్‌లెట్ కన్నా కొంచెం వెడల్పుగా ఉండాలి: ఎగ్జాస్ట్‌కు 2 మి.మీ., ఇన్‌లెట్‌కు 1.5 మి.మీ. దగ్గర. గ్రైండ్ చేశాక వాల్వ్ అంచు మందం 0.8 మి.మీ. కన్నా తగ్గితే పారేయండి.

2000లో దేశమంతా సీసం లేని పెట్రోల్ వచ్చింది. ఈ హెడ్లలో సీట్లు నేరుగా పోత ఇనుములోనే కోసినవి. సీసం పొర లేక ఎగ్జాస్ట్ సీటు అరిగి, వాల్వ్ లోపలికి కుంగుతుంది. కుంగేకొద్దీ గ్యాప్ దానంతటదే తగ్గిపోతుంది. తరచూ గ్యాప్ మూసుకుపోతుంటే ఇదే కారణం. హెడ్ ఎలాగూ విప్పారు కాబట్టి నాలుగు ఎగ్జాస్ట్‌లకు గట్టి సీట్ రింగులు కొట్టించడం మంచి ఖర్చు. మీ ఊళ్లో సైజు దొరక్కపోతే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో వెతకండి.

ల్యాపింగ్ (వాల్వ్‌ను గ్రైండింగ్ పేస్టుతో సీటు మీద తిప్పి రుద్దడం) అయ్యాక పేస్టు మొత్తం కడిగేసి, సీటు మీద పెన్సిల్‌తో అడ్డగీతలు గీసి, వాల్వ్ పెట్టి పావు చుట్టు తిప్పండి. గీతలన్నీ తెగితే సరే. ఒక్కటి మిగిలినా అక్కడ లీకే. స్ప్రింగులను అద్దం మీద నిలబెట్టి మూలమట్టంతో చూడండి, 1.5 మి.మీ. కన్నా ఎక్కువ ఒరిగితే సెట్ మార్చండి.

గ్యాప్ సెట్టింగ్

వాల్వ్‌ల వరుసలో 1, 4, 5, 8 ఎగ్జాస్ట్, 2, 3, 6, 7 ఇన్‌లెట్. తొమ్మిది లెక్క గుర్తుంచుకోండి: 8 పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు 1 సెట్ చేయాలి, 6 తెరిచినప్పుడు 3, 4 తెరిచినప్పుడు 5. ఎప్పుడైనా రెండూ కలిపి తొమ్మిది రావాలి. గ్యాప్ సాధారణంగా 15 థౌ (0.38 మి.మీ.), చల్లటి ఇంజన్‌కా వేడి ఇంజన్‌కా అన్నది మీ మాన్యువల్‌లో చూసుకోండి. లాక్ నట్ బిగించాక మళ్లీ గేజి పెట్టి చూడాల్సిందే, బిగించేటప్పుడు స్క్రూ కదులుతుంది.

కొత్త కామ్ వేస్తే లోబ్‌లకు మాలీ (మాలిబ్డినం) పేస్టు పూయండి. మొదటిసారి స్టార్ట్ అవ్వగానే ఐడిల్‌లో వదలకుండా 2000 ఆర్‌పీఎమ్ దగ్గర ఇరవై నిమిషాలు నడపాలి. ఐడిల్‌లో లోబ్‌ల మీదకు ఆయిల్ సరిగా చిమ్మదు. అందుకే కార్బొరేటర్‌లో పెట్రోల్, ఇగ్నిషన్ టైమింగ్, నీళ్లు అన్నీ ముందే సరిచూసుకోండి. ఆయిల్ విషయంలో పల్చటి కొత్తరకం సింథటిక్ వద్దు. జింక్ ఎక్కువుండే 20డబ్ల్యూ-40 మినరల్ లేదా సీఐ-4 డీజిల్ ఆయిల్ 15డబ్ల్యూ-40 వాడండి. 500 కిలోమీటర్లు తిరిగాక ఇంజన్ చల్లారనిచ్చి, గ్యాస్కెట్ తయారీదారు వద్దనకపోతే హెడ్ నట్లను మధ్య నుంచి చివరలకు టార్క్ రెంచ్‌తో చూసి, ఆ తర్వాత ఎనిమిది గ్యాపులూ మళ్లీ సెట్ చేయండి. నట్లు కదిలితే గ్యాప్ కూడా మారుతుంది.