ఐక్లర్ ఇంటిని బాగుచేయించుకునే పద్ధతి

గృహనిర్మాణ వ్యాపారి జోసెఫ్ ఐక్లర్ 1949 నుంచి కాలిఫోర్నియాలో కట్టించిన సుమారు 11,000 ఇళ్లలో చాలా భాగం పాలో ఆల్టో, సన్నీవేల్ వంటి ఊళ్లలో ఉన్నాయి. నేడు ఆ ఊళ్లలో ఎన్నో తెలుగు కుటుంబాలు నివసిస్తున్నాయి. మండువా లోగిలిని ఎరిగినవారికి ఈ ఇళ్లలో కొన్నింటి నడుమ ఆకాశానికి తెరిచి ఉంచిన ఏట్రియం వెంటనే ఆత్మీయంగా తోస్తుంది.

మరమ్మతుకు ముందు హాల్లో నిలబడి పైకి చూడండి. ఒకే దూలం గదిలో మొదలై, అద్దాన్ని దాటి, బయట చూరు దాకా సాగుతుంది. బరువును స్తంభాలూ దూలాలూ మోస్తున్నందువల్లనే గోడ ఉండవలసిన చోట నేల నుంచి కప్పు దాకా అద్దం అమర్చగలిగారు. ఆ వరసను తెంచే పనిని ఎవరు సూచించినా ఒప్పుకోవద్దని నా గట్టి సలహా.

పని కప్పుతో ప్రారంభించాలి. ఈ ఇళ్లకు అటక లేదు. లోపల కనిపించే చెక్కే కప్పు. వేడినీ చలినీ ఆపే ఫోమ్ పొరను ఆ చెక్కకు పైన వేయించాలి తప్ప, కింద ఫాల్స్ సీలింగ్ కట్టించి దూలాలను కప్పివేయకూడదు. ఎండకూ వానకూ గురయ్యే దూలాల చివరలను స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి; మెత్తగా దిగితే అక్కడ చెక్క పుచ్చినట్లే.

ఎక్కువ జాగ్రత్త అవసరమైనది నేల విషయంలో. కాంక్రీటు లోపల గదులను వెచ్చబరిచే వేడినీటి గొట్టాలు ఉంటాయి కాబట్టి, వేడిని చూపించే థర్మల్ కెమెరాతో వాటి జాడ గుర్తించనిదే ఒక్క రంధ్రం కూడా వేయించవద్దు. పాత ఫ్లోరింగ్ టైల్స్‌లోనూ వాటి జిగురులోనూ, పొడిగా గాలిలో కలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. గీకించే ముందు పరీక్ష చేయించాలి. కొత్తగా పరిచేటప్పుడు లోపలి టైల్‌నే, జారని రకంలో, ఏట్రియంలోకీ కొనసాగిస్తే అద్దం ఉన్నట్లే అనిపించదు. అయితే బయటి నేల కొద్దిగా పల్లంగా ఉండి, నీరు అద్దం వైపు రాకుండా తూము వైపు పారాలి. వానలు మొదలయ్యే నవంబరుకు ముందే ఆ తూమును శుభ్రం చేయించుకోవాలి.

అద్దాలు మార్చవలసి వస్తే సన్నని ఫ్రేములలో రెండు పొరల టెంపర్డ్ గ్లాస్ (వేడితో గట్టిపరిచిన అద్దం) తీసుకోండి. సాయంకాలపు ఎండ ఏటవాలుగా వస్తుంది గనుక పడమటి వైపు చూరు ఒక్కటే చాలదు. శీతకాలంలో ఆకు రాల్చే చెట్టు నాటితే వేసవిలో నీడా, చలిలో వెలుగూ దక్కుతాయి. బయటి రూపాన్ని మార్చదలిస్తే ముందుగా నగరపాలక సంస్థ నిబంధనలు చూసుకోవాలి.

చివరగా దీపాలు. చీకటి పడగానే అద్దం నల్లని దర్పణంగా మారి, గదిని గదిలోనే బంధిస్తుంది. ఏట్రియంలో మొక్కల మొదళ్ల దగ్గర రెండు మూడు చిన్న దీపాలు పెట్టి, లోపలి వెలుగును కాస్త తగ్గిస్తే, మొక్కలూ ఎదుటి గోడా మళ్లీ గదిలో భాగమవుతాయి.