పసిబిడ్డకు తేలికైన మడత బండి: హైదరాబాద్‌లో కొనేముందు చూడవలసినవి

హైదరాబాద్‌లో స్ట్రాలర్‌ను తోసే సమయం కన్నా మోసే సమయమే ఎక్కువ. అపార్ట్‌మెంటు మెట్లు, కారు డిక్కీ, మెట్రో స్టేషనులో సామాను తనిఖీ, మధ్యలో తెగిపోయిన ఫుట్‌పాత్, హోటలు గుమ్మం ముందు నాలుగు మెట్లు, ఇలా అడుగడుగునా బిడ్డను ఒక చంకన వేసుకుని రెండో చేత్తో బండిని ఎత్తవలసి వస్తుంది. అందుచేత దుకాణంలోని నున్నటి గచ్చు మీద బండి ఎంత హాయిగా జారుతున్నదో చూడడం తరువాతి పని; దానిని మడిచి ఎత్తితే ఎలా ఉంటుందో చూడడం మొదటి పని.

ఈ వరుస తెలియక మా మొదటి బిడ్డకు మేము కొన్నది పదమూడు కిలోల బండి. ఫొటోల్లో రథంలా కనిపించేది. మా లిఫ్టులో అది పట్టేది గాని, దానితోపాటు ఇంకొకరు పట్టేవారు కాదు. మొదటిసారి పిలిచిన క్యాబ్ డిక్కీ తెరిచి చూస్తే సగం చోటు సీఎన్‌జీ సిలిండరే ఆక్రమించి ఉంది. "ముందు సీట్లో పెట్టేయండి సార్" అన్నాడు డ్రైవరు. బండి ముందు సీట్లో దర్జాగా కూర్చుంది. మేము ముగ్గురం, మా అత్తగారు, రెండు సంచులు వెనుక సీట్లో ఇరుక్కున్నాము. ఆరు నెలలు తిరగకముందే అది బాల్కనీలో తడి గుడ్డలు ఆరేసుకునే దండెంగా మారింది.

కాన్పుకు ముందే బిడ్డ వస్తువులు కొనకూడదని మన ఇళ్లలో పెద్దవాళ్లు పట్టుబడతారు. ఆ పట్టింపు సంగతి ఎలా ఉన్నా, తేలికైన మడత బండి విషయంలో ఆగడమే మంచిది. ఈ రకం బండ్లలో చాలా వాటిని ఆరు నెలలు దాటిన పిల్లల కోసం తయారుచేస్తారు, ఎందుకంటే మెడ నిలబడని శిశువును కూర్చున్న భంగిమలో ఉంచితే తల ముందుకు వాలి, గడ్డం ఛాతీకి ఆని, ఊపిరి దారి నొక్కుకుపోయే ప్రమాదం ఉంటుంది. ఆరు నెలల లోపు బిడ్డకు కూడా వాడాలనుకుంటే సీటు దాదాపు చదునుగా వాలాలి; యూరప్ ప్రమాణమైన ఈఎన్ 1888 ప్రకారం సీటుకు, వీపు పలకకు మధ్య కోణం కనీసం 150 డిగ్రీలు ఉండాలి. పెట్టె మీద "పుట్టినప్పటి నుంచి" అని రాసి ఉన్నా సరే, దుకాణంలోనే వీపు పలకను పూర్తిగా వాల్చి పక్క నుంచి చూడవలసిందే. వాలు కుర్చీలా కనిపిస్తే అది పసిగుడ్డుకు కాదు. మన వైపు తల్లి మూడో నెలో అయిదో నెలో వచ్చేదాకా పుట్టింట్లోనే ఉంటుంది కాబట్టి, మొదటి నెలల్లో బండి అవసరం పెద్దగా పడదు. ఆసుపత్రికి, టీకాలకు ఒడిలోని బిడ్డ ఒడిలోనే వెళ్లి వస్తాడు. అన్నప్రాసన నాటికి బండి ఇంటికి చేరితే చాలు.

ఇక బరువు. మామూలు పెద్ద స్ట్రాలర్లు పది కిలోల పైన ఉంటాయి, మడత బండ్లు చాలావరకు అయిదు నుంచి ఏడు కిలోల మధ్య వస్తాయి. వినడానికి తేడా చిన్నదిగానే తోస్తుంది. కాని దానిని ఎత్తేది ఎవరన్నది ఆలోచించాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ఆపరేషను అయిన తల్లిని తొలి వారాల్లో బిడ్డ కన్నా బరువైనది ఎత్తవద్దని వైద్యులు చెబుతారు. ఆ తరువాత కూడా నడుము, పొట్ట కండరాలు పూర్వపు పట్టుకు రావడానికి నెలలు పడుతుంది. ఏడాది నిండిన బిడ్డ సుమారు తొమ్మిది కిలోలు ఉంటే, ఆ బిడ్డను, ఆరు కిలోల బండిని, పాల సీసాల సంచిని కలిపి మూడో అంతస్తుకు చేర్చడమంటే పదహారు పదిహేడు కిలోలు మోయడమే. కనుక ఇంట్లో అందరికన్నా తక్కువ బలమున్న మనిషి, అది బాలింత కావచ్చు, మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ కావచ్చు, మడిచిన బండిని ఒక్క చేత్తో ఎత్తి పది మెట్లు ఎక్కగలగాలి. మా రెండో విడత కొనుగోలులో మేము పెట్టుకున్న మొదటి పరీక్ష ఇదే.

గొడుగులా ముడుచుకునే బండి ఊహ వెనుక విమానాలు ఉండడం ఒక ముచ్చట. రెండవ ప్రపంచ యుద్ధ కాలపు స్పిట్‌ఫైర్ విమానాల చక్రాల అమరికను రూపొందించిన ఓవెన్ మెక్లారెన్ అనే ఇంజినీరు, 1965లో గొడుగులా ముడుచుకునే అల్యూమినియం బండిని తయారుచేశాడు. విమానంలో బిడ్డతో వచ్చిన తన కూతురు బరువైన బండితో పడిన అవస్థ చూసి ఆయనకా ఆలోచన వచ్చిందట. ఆ గొడుగు తరహా బండ్లు ఇప్పటికీ దొరుకుతాయి. అవి పొడుగ్గా, సన్నగా మడుచుకుంటాయి. రెండో తరహావి మూడుగా ముడుచుకుని సూట్‌కేసంత అవుతాయి. ఆటోలో కాళ్ల దగ్గర నిలబెట్టడానికి మొదటిది, చిన్న కారు డిక్కీలో సిలిండరు పక్కన దూర్చడానికి రెండోది అనువుగా ఉంటాయి. మీ ప్రయాణాలు ఎక్కువగా దేనిలోనో చూసుకుని, టేపుతో ఆ చోటు కొలిచి, కొలతలు కాగితం మీద రాసుకుని దుకాణానికి వెళ్లండి.

విమానం విషయంలో "క్యాబిన్ సైజు", అంటే చేతి సామానుగా విమానం లోపలికి తీసుకెళ్లేంత చిన్నది, అన్న మాటను మాత్రం నమ్మి మోసపోకూడదు. మన దేశీయ విమానాల్లో చేతి సామానుకు సాధారణంగా 55×35×25 సెంటీమీటర్లు, 7 కిలోలు హద్దు. ఎంతో పేరున్న బేబీజెన్ యోయో మడిచినప్పుడు 52×44×18 సెంటీమీటర్లు. అంటే వెడల్పులోనే హద్దు దాటిపోతుంది. ప్రపంచంలోకెల్లా చిన్న మడతగా 2014లో గిన్నిస్ రికార్డుకెక్కిన జీబీ పాకిట్ 35×30×18 సెంటీమీటర్లకు ముడుచుకుని 4.3 కిలోలే తూగింది గాని, ఆ మొదటి నమూనాలో సీటు వాలదు. చిన్నదనం కోసం ఏదో ఒకటి వదులుకోక తప్పదన్నమాట. నిజానికి చాలా సంస్థలు పసిబిడ్డ బండిని విమానం గుమ్మం దాకా తీసుకురానిచ్చి, అక్కడ తీసుకుని సరుకు గదిలో వేస్తాయి, దానికి వేరే రుసుము ఉండదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు శంషాబాద్ వెళ్లేవారు ఈ ఒక్క గుణం కోసం రెట్టింపు ధర పెట్టనక్కరలేదు. దుమ్ము పట్టకుండా ఒక సంచి ఉంటే సరిపోతుంది.

చక్రాల దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మడత ఎంత చిన్నదైతే చక్రాలు అంత చిన్నవవుతాయి, మన ఫుట్‌పాత్‌లు చిన్న చక్రాలకు పగవాళ్లు. నెక్లెస్ రోడ్డు మీద, మాల్‌లో, గేటెడ్ కమ్యూనిటీ లోపలి దారుల్లో ఏ బండయినా నడుస్తుంది. కాలనీ వీధిలో పొంగిన మ్యాన్‌హోల్ మూత, కేబుల్ కోసం తవ్వి సగం పూడ్చిన గాడి, స్పీడ్ బ్రేకరు ఎదురైనప్పుడు బండి అసలు రంగు బయటపడుతుంది. ఖాళీ బండిని తోసి చూడడం వల్ల ఏమీ తెలియదు. మేము దారిలో కిరాణా కొట్టులో అయిదు కిలోల బియ్యం సంచి కొనుక్కుని వెళ్లి, దానిని సీట్లో కూర్చోబెట్టి బెల్టు బిగించి తోశాము. కొట్టు కుర్రాడు మొదట నవ్వాడు గాని, "అన్నా, గుమ్మం మీద నుంచి దింపి చూడండి, అప్పుడు తెలుస్తది" అని తనే గడప దగ్గరకు తీసుకెళ్లాడు. ఖాళీగా ఉన్నప్పుడు గాలిలో తేలిన బండి, బియ్యంతో గడప దగ్గరకు వచ్చేసరికి ముందు చక్రాలు అడ్డంగా తిరిగి మొరాయించింది. పక్కనున్న మరొక బండి, కొంచెం పెద్ద చక్రాలు, వెనుక చిన్న స్ప్రింగులు ఉన్నది, హ్యాండిల్ నొక్కగానే ముందు భాగం లేపి సులువుగా దాటింది. బరువు అర కిలో ఎక్కువ. అదే కొన్నాము. ముందు చక్రాలను పక్కలకు తిరగకుండా బిగించే మీట ఉంటే గతుకుల దారిలో మరీ మంచిది.

బ్రేకును చెప్పులతో తొక్కి చూడండి. బూట్లు వేసుకునే దేశాలను దృష్టిలో పెట్టుకుని చేసిన కొన్ని బండ్లకు, బ్రేకు వదలడానికి పాదం పై భాగంతో మీటను పైకి లేపాలి. హవాయి చెప్పులతో ఆ పని చేస్తే బొటనవేలి గోరుకు తగిలి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. నొక్కితే పడి, మళ్లీ నొక్కితే వదిలే రకం మనకు తగినది. బ్రేకు వేశాక సెల్లారు ర్యాంపు లాంటి వాలులో బండి కదలకుండా నిలబడాలి. బెల్టు రెండు భుజాల మీదుగా, నడుముకు, కాళ్ల మధ్య నుంచి వచ్చే అయిదు పట్టీలది అయి తీరాలి; నడుము పట్టీ ఒక్కటే ఉన్నదైతే ఎంత చవకగా ఇచ్చినా వద్దు. మడత కీళ్లలో వేళ్లు దూరే సందులు ఉన్నాయేమో తడిమి చూడాలి. 2009లో అమెరికాలో ఒక సంస్థ బండ్ల కీళ్లలో పిల్లల వేలి కొనలు తెగిన ఘటనలు బయటపడి, సుమారు 10 లక్షల బండ్లకు కీళ్ల తొడుగులు ఇవ్వవలసి వచ్చింది. తొడుగు ఉన్నా లేకున్నా, విప్పేటప్పుడు, మడిచేటప్పుడు బండి బిడ్డ చేతికి అందనంత దూరంలో ఉండాలి. విప్పాక "టక్" మన్న చప్పుడు వినకుండా బిడ్డను కూర్చోబెట్టకూడదు.

మన వేసవికి బండి పైకప్పు పొడుగ్గా, బిడ్డ మోకాళ్ల దాకా వచ్చేలా ఉండాలి. వెనుక గాలి ఆడే జాలీ ఉండాలి. నల్లటి గుడ్డ సొగసుగా ఉంటుంది, మురికి కనపడదు, కాని ఏప్రిల్ ఎండలో పది నిమిషాలు నిలిపితే కాలిన పెనంలా తయారవుతుంది. కూర్చోబెట్టే ముందు లోహపు భాగాలను, బకిల్‌ను మీ ముంజేతితో తాకి చూడండి. ఎండ పడుతున్నదని చున్నీయో తువ్వాలో ముందు నుంచి కప్పేయడం దాదాపు అందరూ చేసే పొరపాటు. పల్చటి గుడ్డ అయినా గాలి ఆగి లోపల వేడి పెరిగిపోతుంది, పైగా బిడ్డ ముఖం కనిపించదు. వానాకాలపు ప్లాస్టిక్ తొడుగుకూ ఇదే వర్తిస్తుంది, చినుకు ఆగిన వెంటనే తీసేయాలి. దోమతెర మాత్రం తప్పకుండా తీసుకోండి. వానలు మొదలైతే నగరంలో డెంగీ భయం ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. బిడ్డ బండిలోనే నిద్రపోతే, ఇల్లు చేరగానే చదునైన పక్క మీదకు మార్చాలి.

మెట్రోలో వెళ్లేటప్పుడు ఎస్కలేటరు జోలికి పోకుండా లిఫ్టు వాడాలి. అమీర్‌పేటలో రైలు మారవలసి ఉంటే, ఆఫీసుల వేళల్లో బండిని ముందే మడిచి బిడ్డను ఎత్తుకోవడం మేలు. లాడ్ బజారుకు, బేగంబజారుకు, ఆదివారం కోఠికి ఏ స్ట్రాలరూ పనికిరాదు. అక్కడికి చంకే బండి. పెళ్లి ఫంక్షన్ హాళ్లలో మాత్రం దీని విలువ తెలుస్తుంది, ఎందుకంటే నిద్రపోయిన బిడ్డను పదిమంది చేతులు మార్చకుండా ఒక మూల ప్రశాంతంగా ఉంచుకోవచ్చు. ఆ హాళ్లలోనే చీర కొంగులు, చున్నీలు చక్రంలో చిక్కుకుంటాయి. తోసేవారు కొంగు నడుముకు దోపుకోవాలి.

హ్యాండిల్‌కు సంచులు తగిలించకండి. ఆరు కిలోల బండికి నాలుగు కిలోల కూరగాయల సంచి తగిలించి, ముందు నుంచి బిడ్డను ఎత్తితే, బండి వెంటనే వెనక్కి పల్టీ కొడుతుంది. బిడ్డ లోపల ఉండగానే పల్టీ కొట్టే సందర్భాలూ లేకపోలేదు. బరువేదైనా సీటు కింది బుట్టలోనే. దిష్టి తాడు కట్టాలని పెద్దవాళ్లు అడిగితే కాదనవలసిన పని లేదు, వెనుక గొట్టానికి బిగించి ముడివేసి కొసలు కత్తిరిస్తే చాలు. బిడ్డకు అందేలా వేలాడే తాడు, పూసల దండ ఉండకూడదు.

ధరలు నాలుగైదు వేల రూపాయల దగ్గర మొదలై ఇరవై వేలు దాటి పోతాయి. పై పరీక్షలన్నీ నెగ్గిన బండి ఎనిమిది తొమ్మిది వేలకు దొరికితే అంతకు మించి పెట్టడం నా దృష్టిలో దుబారాయే. పాత బండి తీసుకోవడంలో నామోషీ లేదు, బంధువుల ఇళ్లలో అటక మీద ఒకటి ఉండనే ఉంటుంది. అయితే మడత లాక్, బ్రేకు, బెల్టు బకిల్ మూడూ గట్టిగా ఉంటేనే. గుడ్డ విప్పి ఉతకడానికి వీలుందా లేదా కూడా అడగండి, పాలు ఒలికిన సీటు రెండో రోజుకు ఎలా వాసన వేస్తుందో అనుభవిస్తే గాని తెలియదు.

నెలకొకసారి బండిని తలకిందులు చేసి చక్రాల ఇరుసులు చూడాలి. మా బండి ముందు చక్రం ఒకటి గిర్రున తిరగడం మానేస్తే, అరిగిపోయిందేమోనని సర్వీసు సెంటరు కోసం వెతికాము. తీరా చూస్తే ఇరుసుకు పొడవాటి వెంట్రుకలు, మల్లెపూల దండ దారం చుట్టచుట్టుకుని బిగిసిపోయి ఉన్నాయి. చిన్న కత్తెరతో కోసి, పాత టూత్‌బ్రష్‌తో దుమ్ము దులిపి, రెండు చుక్కల సిలికాన్ నూనె వేశాము. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె వేయకండి, అది దుమ్మును పట్టి వారం తిరిగేసరికి జిగురుగా మారుతుంది.