కొత్త బైక్‌కు వారంటీలో ఫ్రేమ్ మారుస్తామంటే ఒప్పుకోవాలా? ఎలా తేల్చుకోవాలి?

కొత్త బండి కొన్న కొద్ది నెలలకే ఫ్రేమ్‌లో పగులు కనిపిస్తే ఎవరికైనా గుండె గుభేల్‌మంటుంది. షోరూంవాళ్లు మాత్రం తేలిగ్గా "వారంటీలో ఫ్రేమ్ మార్చేస్తాం సార్, మీకు రూపాయి ఖర్చుండదు" అంటారు. బండినంతా విప్పి మళ్లీ బిగించాక అది కొత్త బండి ఎలా అవుతుందని మన బాధ. ఆ బాధ న్యాయమైనదే. అయినా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొత్త ఫ్రేమ్‌ను చూసి భయపడక్కర్లేదని నా అభిప్రాయం. తేల్చుకోవాల్సినవి రెండు: చాసిస్ నంబర్ కాగితాలు ఎలా నడుస్తాయి, బండిని ఎవరు బిగిస్తారు. ఈ రెండిటికీ రాతపూర్వకంగా జవాబు దొరికితే ఒప్పుకోండి. దొరక్కపోతే ఆగండి.

1. అది పగులేనా అని ముందు చూడండి

వెల్డింగ్ అతుకుల మీద పెయింట్ చిట్లడం, పైపైన తుప్పు పట్టడం మామూలే. వాటికి ఫ్రేమ్ మార్చాల్సిన పనిలేదు. అనుమానం ఉన్న చోట మట్టి, గ్రీజు శుభ్రంగా తుడిచి, ఫోన్ టార్చ్‌ను పక్క నుంచి ఏటవాలుగా వేసి చూడండి. గోరుతో అడ్డంగా గీస్తే తట్టుకునే సన్నని గీత, దాని వెంబడి ఎర్రటి తుప్పు చార కనిపిస్తే అనుమానించాల్సిందే. ఫొటో తీసి, తుడిచేసి, మళ్లీ అక్కడే చార వస్తోందా చూడండి.

సర్వీస్ సెంటర్‌లో డై పెనెట్రెంట్ టెస్ట్ చేయమని అడగండి. పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. పెయింట్ తీసేసిన లోహం మీద ఎర్ర రంగు ద్రవం కొడతారు, కాసేపాగి తుడిచేసి తెల్లటి పొడిలాంటి డెవలపర్ కొడతారు. పగులుంటే అందులోకి దిగిన రంగు బయటికి పీల్చుకొచ్చి తెలుపు మీద ఎర్ర గీతలా తేలుతుంది. ఆ గీత ఫొటో మీ దగ్గర ఉండాలి.

పగులు హ్యాండిల్ కోన్‌సెట్ కూర్చునే హెడ్‌ దగ్గర గానీ, దాని కింద ఇంజిన్ వైపు దిగే ట్యూబ్ మీద గానీ, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ ఫ్రేమ్‌కు కలిసే పివట్ దగ్గర గానీ ఉంటే ఆ బండి నడపకండి. సర్వీస్ సెంటర్ వరకైనా వద్దు. బ్రేక్ వేసిన ప్రతిసారీ ముందు చక్రం బరువంతా మోసేది ఆ హెడ్డే. రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కు ఫోన్ చేసి ఎక్కించి పంపండి.

2. సర్వీస్ సెంటర్ జాబ్ కార్డులో ఏం రాశారో చదవండి

చాలామంది ఇక్కడే నష్టపోతారు. మనం ఫ్రేమ్ పగిలిందని చెప్తాం, సర్వీస్ అడ్వైజర్ "జనరల్ చెకప్" అనో "ముందు వైపు శబ్దం" అనో టైప్ చేస్తాడు. రేపు గొడవ వస్తే వినియోగదారుల కమిషన్ ముందు కనిపించేది ఆ రెండు ముక్కలే. "హెడ్ కింద ఎడమ వైపు వెల్డింగ్ దగ్గర పగులు, ఇన్ని కిలోమీటర్ల వద్ద గమనించారు" అని ఉన్నదున్నట్టు రాయించి, కాపీ తీసుకున్నాకే తాళం ఇవ్వండి. అదే మాటను కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫొటోలతో సహా మెయిల్ చేయండి. డీలర్ వేరు, కంపెనీ వేరు. వారంటీ ఇచ్చింది కంపెనీ కాబట్టి దానికి నేరుగా తెలియాలి.

గుంతలో పడిందనో, ఓవర్‌లోడ్ అనో వారంటీ ఇవ్వమంటే ఆ కారణాన్ని కాగితం మీద ఇమ్మనండి. నోటితో చెప్పినంత సులువుగా కాగితం మీద చెప్పలేరు.

3. వాళ్లు ఇస్తామంటున్నది సరిగ్గా ఏమిటి?

"ఫ్రేమ్ రెడీ చేస్తాం" అన్న మాటలో మూడు రకాల పనులు దాగి ఉండొచ్చు.

వెల్డింగ్ పెట్టి ఇస్తామంటే ఒప్పుకోకండి. వెల్డింగ్ వేడికి పక్కనున్న లోహం గుణం మారుతుంది, జిగ్ (ఫ్రేమ్‌ను కదలకుండా పట్టి ఉంచే చట్రం) లేకుండా పెడితే కొలతలు వంకరపోతాయి. పాత బండికి గత్యంతరం లేక చేయించుకుంటారేమో గానీ, వారంటీలో ఉన్న బండికి ఆ అవసరమే లేదు.

సీటు కింద ఉండే సబ్‌ఫ్రేమ్ మాత్రమే మారుస్తామంటే, అది మెయిన్ ఫ్రేమ్‌కు బోల్టులతో బిగించే రకమైతే నిశ్చింతగా ఒప్పుకోవచ్చు. చాసిస్ నంబర్ సాధారణంగా హెడ్ మీద ఉంటుంది కాబట్టి కాగితాల గొడవ రాదు.

మెయిన్ ఫ్రేమ్ మొత్తం మార్చడమైతే అసలు ఆలోచన ఇక్కడ మొదలవుతుంది. అప్పుడు ముందుగా పార్ట్ నంబర్ అడగండి. అదే మోడల్‌లో ఇంకొందరికీ ఇదే చోట పగులు వచ్చి ఉంటే, కంపెనీ డిజైన్‌లో ఏదో సవరించి పార్ట్ నంబర్ మార్చి ఉండొచ్చు. పాత నంబరుదే మళ్లీ వేస్తే పాత జబ్బే మళ్లీ రావచ్చు.

4. చాసిస్ నంబర్: అసలు చిక్కంతా ఇక్కడే

ఫ్రేమ్ మీద పంచ్ చేసిన 17 అక్షరాల నంబరే చట్టం దృష్టిలో మీ బండి. ఆర్సీలో, ఇన్సూరెన్స్‌లో, బ్యాంకు లోన్ కాగితాల్లో ఉండేది అదే. ఫ్రేమ్ మారితే ఆ నంబరున్న లోహం బండి నుంచి వెళ్లిపోతుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలోని వివరాలకూ బండికీ తేడా వచ్చేలా మార్పు చేయకూడదు. మార్పు జరిగితే 14 రోజుల్లోగా రిజిస్టరింగ్ అథారిటీకి తెలపాలి. ఆ బాధ్యత ఓనర్‌దే, షోరూంది కాదు. అందుకే "అదంతా మేం చూసుకుంటాం సార్" అన్న మాటతో సరిపెట్టుకోవద్దు.

రెండు దారులుంటాయి. నంబరు లేని ఖాళీ ఫ్రేమ్ తెప్పించి, కంపెనీ, ఆర్టీఏ అనుమతులతో మీ పాత నంబరే దాని మీద పంచ్ చేయడం ఒకటి. కొత్త నంబరుతో వచ్చిన ఫ్రేమ్ వేసి, ఆర్సీలో నంబరు మార్పించడం రెండోది. ఏ దారిలో వెళ్తున్నారో డీలర్ లెటర్‌హెడ్ మీద రాసివ్వాలి. అనుమతి కాగితం చూడకుండా పాత ఫ్రేమ్ విప్పనివ్వకండి. మీరే ఒకసారి ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లి, బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌ను కలిసి, ఏ కాగితాలు కావాలో కనుక్కుంటే ఇంకా మంచిది. షోరూంవాళ్లు చెప్పేదీ అక్కడ చెప్పేదీ ఒకటో కాదో వెంటనే తెలిసిపోతుంది.

పెన్సిల్ ప్రింట్ ముచ్చట కూడా చెప్పాలి. నంబరు మీద పల్చటి కాగితం పెట్టి మెత్తటి పెన్సిల్‌తో అడ్డంగా రుద్దితే చుట్టూ నల్లబడి, అక్షరాలు తెల్లగా లేస్తాయి. పాత ఫ్రేమ్‌ది విప్పకముందు ఒకటి, కొత్తదాని మీద ఒకటి తీసి దాచుకోండి. కొత్త పంచింగ్‌లో అక్షరాల లోతు సమానంగా ఉండాలి, వరుస తప్పకూడదు, కింద గ్రైండింగ్ గీతలు ఉండకూడదు. ఇంగ్లిష్ అక్షరాల్లో ఐ, ఓ, క్యూ ఈ నంబర్లలో వాడరు. అవి కనిపించాయంటే ఎక్కడో తప్పు జరిగినట్టే. రేపు బండి అమ్మేటప్పుడు కొనేవాడు మొదట వేలు పెట్టి తడిమేది ఇక్కడే. పంచింగ్ తేడాగా ఉంటే, కాగితం లేకపోతే దాన్ని దొంగబండి కిందే జమకడతాడు.

పాత ఫ్రేమ్ ఏమవుతుందో కూడా అడగండి. మీ నంబరున్న ఫ్రేమ్ తుక్కు దుకాణానికి చేరి ఇంకో బండి కిందికి వెళ్తే చిక్కులు మీకే. నంబరున్న భాగాన్ని కోసి ధ్వంసం చేసినట్టు లేదా కంపెనీకి తిప్పి పంపినట్టు లెటర్ తీసుకోండి.

5. బండే మార్చమని అడగొచ్చా?

అడగొచ్చు, అడగాలి కూడా. బండి ఇంకా టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్) నంబర్ మీదే తిరుగుతూ పర్మనెంట్ రిజిస్ట్రేషన్ కాకపోయి ఉంటే మరీ గట్టిగా అడగండి. అప్పటికి ఆర్సీ రాలేదు కాబట్టి వేరే బండి ఇవ్వడం డీలర్‌కూ అంత కష్టం కాదు.

రిజిస్ట్రేషన్ అయిపోయాక పరిస్థితి వేరు. వారంటీ పుస్తకంలో లోపమున్న భాగాన్ని బాగుచేస్తామనో మారుస్తామనో ఉంటుంది గానీ బండే మారుస్తామని ఉండదు. మారుతీ ఉద్యోగ్ వర్సెస్ సుశీల్ కుమార్ గబ్‌గోత్రా కేసులో 2006లో సుప్రీంకోర్టు కూడా ఆ షరతులనే చూసి, భాగం మారిస్తే సరిపోయే చోట కారు మొత్తం మార్చమనడం సరికాదంది. అక్కడి లోపం క్లచ్‌లో, ఇక్కడిది ఫ్రేమ్‌లో. తేడా ఉంది, వాదించుకోవచ్చు. కానీ కొత్త బండి వచ్చి తీరుతుందన్న ధీమాతో మంచి ఆఫర్‌ను కాలదన్నుకోవద్దు.

బండి మార్చకపోయినా బేరమాడాల్సినవి ఉన్నాయి. ఫ్రేమ్ రావడానికి వారాలు పట్టొచ్చు, ఈఎంఐ మాత్రం ఆగదు. అన్నాళ్లూ తిరగడానికి స్టాండ్‌బై బండి, బండి ఆగిన రోజులు వారంటీలో కలపడం, కొత్త ఫ్రేమ్‌కు విడిగా వారంటీ, ఆర్టీఏ ఖర్చులు వాళ్లవే అన్న హామీ అడగండి. అడక్కపోతే మారిన భాగానికి సాధారణంగా పాత వారంటీలో మిగిలిన కాలమే వర్తిస్తుంది.

తేలకపోతే 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయండి. అక్కడా పని జరగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరు నివసించే జిల్లాలోనే వేయొచ్చు, 5 లక్షల లోపు చెల్లించిన వస్తువుకు ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, గడువు 2 ఏళ్లు. లోపం ల్యాబ్‌లో పరీక్షించాల్సినదైతే కమిషనే పంపిస్తుంది. ఆ దారిలో వెళ్లేటట్టయితే పగిలిన ఫ్రేమ్‌ను ఎవరికీ ఇవ్వకండి. మీ సాక్ష్యం అదే.

6. ఒప్పుకున్నాక చేయాల్సినవి

లోన్ ఉంటే బ్యాంకుకు మెయిల్ పెట్టండి. విప్పకముందు ట్యాంకు, ప్లాస్టిక్ భాగాలు, మీటర్ రీడింగ్ ఫొటోలు తీయండి. పని ఎవరు చేస్తారో అడిగి, ఆ మోడల్ తెలిసిన సీనియర్ మెకానిక్‌కే ఇవ్వమనండి. ఇంజిన్, ఫోర్క్, స్వింగ్ ఆర్మ్, వైరింగ్ కిట్ అన్నీ ఊడదీసి బిగించే పని ఇది. హడావిడిగా సాయంత్రానికల్లా ఇచ్చేయమని తొందరపెట్టకండి. కోన్‌సెట్ కొత్తది వేయమనండి, ఇంజిన్ మౌంటింగ్ బోల్టులు, స్వింగ్ ఆర్మ్ బోల్టు, ఎంత బలంతో బిగించాలో కొలిచే టార్క్ రెంచ్‌తోనే బిగించమనండి.

డెలివరీ రోజు పగటిపూట వెళ్లండి. ముందు చక్రం గాల్లోకి లేపించి హ్యాండిల్ రెండు వైపులా తిప్పండి. ఎక్కడా పట్టకుండా, మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగకుండా తిరగాలి. ఇంజిన్ ఆన్‌లో ఉంచి హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు ఐడ్లింగ్ పెరిగిందంటే యాక్సిలరేటర్ కేబుల్ ఎక్కడో బిగుసుకుంది. రెండు చక్రాల వెంట పొడవాటి దారం లాగి అలైన్‌మెంట్ చూడండి. ఏబీఎస్ లైట్ బండి కదిలాక ఆరిపోవాలి. మొదట సందుల్లో నెమ్మదిగా నడిపి, బ్రేకులు నమ్మకం కలిగించాకే మెయిన్ రోడ్డెక్కండి. బండి ఒక పక్కకు లాగుతుంటే అప్పుడే వెనక్కి తిప్పండి, సంతకం చేయకండి.

ఆర్సీలో నంబరు మారితే ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర ఎండార్స్‌మెంట్ చేయించండి. పాలసీలో ఒక నంబరు, బండి మీద ఇంకో నంబరు ఉంటే క్లెయిమ్ వచ్చిన రోజున పేచీ తప్పదు. 500 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ వెళ్లి, మౌంటింగ్ బోల్టులన్నీ చెక్ చేయించి, ఆ విషయం జాబ్ కార్డులో రాయించండి.