ఇంటి టీవీ స్వయంబోధిని – నాలుగో పాఠం: పెట్టె కొనే ముందు గోడ చూడండి

బ్రిటన్‌లో నెలనెలా చందా కట్టకుండా టీవీ చూసే రెండు దారుల గురించి కిందటి పాఠంలో చెప్పుకున్నాం. ఇంటి కప్పు మీది యాంటెనాతో ప్రసార స్తంభాల నుంచి పట్టుకునేది ఫ్రీవ్యూ. అది 2002 అక్టోబరులో మొదలైంది. డిష్‌తో ఉపగ్రహం నుంచి పట్టుకునేది ఫ్రీశాట్. దాన్ని బీబీసీ, ఐటీవీ కలిసి 2008 మే నెలలో ప్రారంభించాయి. ఊళ్లో దూరదర్శన్ ఫ్రీ డిష్ చూసి పెరిగిన వారికి ఈ రెండోది కొత్తగా ఉండదు. రెండింటికీ టీవీ లైసెన్సు మాత్రం తప్పదు. 2025 ఏప్రిల్‌లో దాని ధర ఏడాదికి 174.50 పౌండ్లయింది. ప్రసారమవుతున్నప్పుడు చూడకుండా రికార్డు చేసుకుని తర్వాత చూసినా లైసెన్సు ఉండాల్సిందే.

ఈ పాఠం రికార్డర్ల ఎంపిక గురించి, అంటే టీవీ కార్యక్రమాలను తనలోని డిస్కులో దాచిపెట్టే పెట్టెల గురించి. కొత్తగా ఇక్కడికి వచ్చిన మనవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న, "ఏ కంపెనీ పెట్టె మంచిదండీ?" అని. "ముందు మీ టీవీ వెనక గోడ ఫోటో పంపండి" అంటాను. నేను మాట దాటేస్తున్నానని కొందరు నొచ్చుకున్నారు కూడా. కానీ కంపెనీ సంగతి ఆఖరున చూసుకోవచ్చు. ఏ పెట్టె కొనాలో మీ గోడలోంచి వచ్చే తీగ ముందే తేల్చేసి ఉంటుంది.

ఇంకో మాట. తెలుగు ఛానళ్ల కోసమైతే ఈ ఖర్చు పెట్టకండి. అవి ఇక్కడ మన ఇళ్లకు ఎక్కువగా ఇంటర్నెట్ ద్వారానే వస్తున్నాయి. ఇక్కడి వార్తలు, పిల్లల కార్యక్రమాలు, నాటకాలు, అప్పుడప్పుడు అదృష్టం బాగుంటే క్రికెట్టు, వీటి కోసమే ఈ పెట్టె.

గోడ దగ్గర

టీవీ పక్కకు జరిపి గోడకున్న సాకెట్టు చూడండి. తీగను నొక్కి దూర్చే నున్నటి గుండ్రటి రంధ్రం ఉంటే అది యాంటెనాది. బయటికి పొడుచుకొచ్చి, చుట్టూ మరలున్న ఇత్తడి రంగు ముక్కు ఉంటే అది డిష్‌ది. దానికి తీగను తిప్పి బిగించాలి. మరల ముక్కు ఒకటే ఉందా, పక్కపక్కన రెండున్నాయా? ఈ లెక్క కాగితం మీద రాసుకోండి. పాఠంలో సగం దీని మీదే నడుస్తుంది.

సాకెట్టు ఉన్నంత మాత్రాన దాని వెనక సరుకు ఉన్నట్టు కాదు. పాత అద్దె ఇళ్లలో తీగ అటక మీద తెగి పడి ఉండటం మామూలే. అందుకే చలికోటు వేసుకుని ఒకసారి బయటికి రండి.

బయట, తల పైకెత్తి

ముందు యాంటెనా. దాని అడ్డపుల్లలు నేలకు సమాంతరంగా పడుకుని ఉంటే, అది పెద్ద ప్రసార స్తంభం వైపు చూస్తూ ఉండవచ్చు. లండన్‌కు క్రిస్టల్ ప్యాలెస్, యార్క్‌షైర్‌లో ఎమ్లీ మూర్, మాంచెస్టర్ చుట్టుపక్కలకు వింటర్ హిల్, బర్మింగ్‌హామ్‌కు సటన్ కోల్డ్‌ఫీల్డ్ అలాంటివి. పుల్లలు నిలువుగా నిలబడి ఉంటే, కొండల మధ్య ఊళ్ల కోసం పెట్టిన చిన్న రిలే స్తంభం వైపు చూస్తున్నట్టు లెక్క. నూటికి నూరుపాళ్లు కాదు గానీ చాలాసార్లు నిజమవుతుంది.

ఈ తేడా ఎందుకు పట్టించుకోవాలంటే, ఫ్రీవ్యూ ఛానళ్లు మూటలు మూటలుగా వస్తాయి. పెద్ద స్తంభం ఆరు మూటలు పంపుతుంది. చాలా రిలేలు మూడే పంపుతాయి. బీబీసీ, ఐటీవీ, ఛానల్ 4, ఛానల్ 5 లాంటి ముఖ్యమైనవి ఆ మూడింట్లోనూ ఉంటాయి కానీ మిగతా చిల్లర ఛానళ్లలో చాలావరకు రావు. మీ పోస్టుకోడు ఇస్తే ఏ స్తంభం నుంచి ఏమేం వస్తాయో ఫ్రీవ్యూ వెబ్‌సైటు చెబుతుంది. పుల్లలు చూసి ఊహించింది అక్కడ సరిచూసుకోండి. ఫ్రీశాట్‌కు ఈ బెడద లేదు. కొండ మీదైనా లోయలోనైనా ఆకాశం కనబడితే చాలు, జాబితా అదే.

"ఆకాశం కనబడితే" అన్నాను కదా, ఏ ఆకాశం? హైదరాబాద్‌లో ఫ్రీ డిష్‌కు తల దాదాపు పైకెత్తి చూడాలి. అక్కడ ఉపగ్రహం అరవై డిగ్రీలకు పైగా ఎత్తులో ఉంటుంది. ఇక్కడ మనం భూమధ్యరేఖకు చాలా దూరం వచ్చేశాం. ఫ్రీశాట్ వాడే ఉపగ్రహాలు 28.2 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటాయి. అవి లండన్ నుంచి ఆగ్నేయ దిక్కున పాతిక డిగ్రీల ఎత్తులోనే, గ్లాస్గో నుంచైతే ఇరవై డిగ్రీల ఎత్తులోనే కనబడతాయి. ఎదురింటి కప్పు, పెరటి చెట్టు అడ్డం రావడానికి ఆ ఎత్తు బాగా సరిపోతుంది.

దీన్ని కొలవడానికి పరికరమేమీ అక్కర్లేదు. మార్చి మొదటి వారంలో ఎండ వచ్చిన రోజు ఉదయం పది గంటలకు డిష్ పెట్టదలచిన చోట నిలబడండి. లండన్ ప్రాంతంలో ఆ వేళకు సూర్యుడు దాదాపు ఉపగ్రహం ఉన్న చోటే ఉంటాడు. ఎండ మీ ముఖం మీద పడితే డిష్‌కు దారి ఉన్నట్టే. చెట్టు నీడ పడితే లేనట్టే. అయితే మార్చిలో చెట్లకు ఆకులుండవని మరవకండి. మోడు కొమ్మల సందుల్లోంచి వచ్చిన ఎండను నమ్ముకుంటే జూన్‌లో బొమ్మ పోతుంది. అక్టోబరు రెండో వారంలోనైతే వేసవి గడియారం ప్రకారం పదిన్నర దాటాక చూడాలి. ఆ రోజుల్లో కొన్ని నిమిషాలపాటు ఫ్రీశాట్ బొమ్మ చెదిరితే పెట్టెను తిట్టకండి. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చి డిష్‌ను హోరెత్తిస్తాడు.

తూముల లెక్క

ఇప్పుడు అసలు సంగతి. రికార్డర్ కొనేదే ఒకటి చూస్తూ ఇంకొకటి రికార్డు చేసుకోవడానికి. అందుకే ఈ పెట్టెల్లో ఛానళ్లను పట్టే భాగాలు, అంటే ట్యూనర్లు, రెండో మూడో నాలుగో ఉంటాయి. అట్ట మీద "రెండు ట్యూనర్లు" అని చూసి మురిసిపోవడం తేలిక. వాటికి నీళ్లెక్కడి నుంచి వస్తాయన్నదే ప్రశ్న.

యాంటెనా తీగను కాలువ అనుకోండి. స్తంభం పంపే మూటలన్నీ అందులో ఒకేసారి ప్రవహిస్తూ ఉంటాయి. ఎన్ని ట్యూనర్లున్నా అదే కాలువలో తమ తమ కడవలు ముంచుకుంటాయి. కాబట్టి ఫ్రీవ్యూ రికార్డర్‌కు తీగ ఒక్కటి చాలు.

డిష్ తీగ అలా కాదు. అది నాలుగు తూములున్న చెరువు కింద తవ్విన పిల్లకాలువ. డిష్ ముందు చేతి కొసన ఉండే తలను ఎల్‌ఎన్‌బీ అంటారు. ఉపగ్రహం నుంచి వచ్చే ఛానళ్లను అది నిలువు, అడ్డం అని రెండుగానూ, ఒక్కోదాన్ని మళ్లీ పై పట్టీ, కింది పట్టీ అని రెండుగానూ విడదీస్తుంది. ఒక తీగ మీద ఒకసారికి ఆ నాలుగింట్లో ఒకటే దిగుతుంది. ఏ తూము తెరవాలో పెట్టే చెబుతుంది. తీగ గుండా 13 వోల్టులు పంపితే నిలువు, 18 వోల్టులు పంపితే అడ్డం. పై పట్టీ కావాలంటే దానికి తోడు 22 కిలోహెర్ట్జ్‌ల సన్నటి మోత కలుపుతుంది. ఒకే తీగ మీద రెండు ట్యూనర్లు ఒకేసారి 13, 18 అడగలేవు కదా! అందుకే ఫ్రీశాట్ రికార్డర్‌లోని రెండు ట్యూనర్లూ స్వేచ్ఛగా పని చేయాలంటే ఎల్‌ఎన్‌బీ నుంచి రెండు తీగలు విడివిడిగా రావాలి. మధ్యలో చీలిక ముక్క పెట్టి ఒకదాన్ని రెండు చేస్తే లాభం లేదు.

ఇదంతా తెలియక ముందు నేనూ ఒక ఫ్రీశాట్ రికార్డర్ కొన్నాను. గోడకు మరల ముక్కు ఒకటే ఉంది. అమ్మిన అతను అదేమీ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇంట్లో వాళ్లు వంటల పోటీ కార్యక్రమం రికార్డుకు పెట్టిన రాత్రి నేను వార్తలు పెట్టబోతే "సిగ్నల్ లేదు" అంది పెట్టె. ఛానల్ మార్చి చూస్తే కొన్ని వచ్చాయి, కొన్ని రాలేదు. వచ్చినవి అదే తూములోవన్నమాట. పెట్టె చెడిపోయిందని రెండు వారాలు వాదించి, చివరికి నిచ్చెన పట్టుకొచ్చిన పనివాడికి పెట్టె ధరలో సగం సమర్పించుకుని రెండో తీగ వేయించాను.

గోడకు రెండు మరల ముక్కులున్నాయని సంతోషించే వారికి ఇంకో గుంట ఉంది. అంతకుముందు ఆ ఇంట్లో చందా టీవీ సంస్థ స్కై వారి స్కై క్యూ పెట్టె ఉండి ఉంటే డిష్‌కు వేరే రకం ఎల్‌ఎన్‌బీ బిగించి ఉండవచ్చు. దానికి తూముల పద్ధతి లేదు. ఒక తీగ మీద నిలువు మొత్తం, ఇంకో తీగ మీద అడ్డం మొత్తం ఒకేసారి పంపుతుంది. పాత ఫ్రీశాట్ పెట్టెలకు ఆ భాష రాదు. తీగలు రెండున్నా బొమ్మ రాదు. ఆ రకానికీ పని చేస్తుందని అట్ట మీద ఉన్న పెట్టెనైనా కొనాలి, లేదా ఎల్‌ఎన్‌బీనైనా మార్పించాలి. రెండోదే చౌక.

చెన్నై టెస్టుతో ఒక లెక్క

2021 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ జట్టు మన దేశం వచ్చినప్పుడు ఆ టెస్టులను ఇక్కడ ఛానల్ 4 ఉచితంగా చూపింది. చెన్నైలో తొమ్మిదిన్నరకు ఆట మొదలైతే ఇక్కడ తెల్లవారుజామున నాలుగు. రికార్డర్ అవసరం అంతకంటే బాగా తెలిసే సందర్భం ఉండదు. ఇక్కడే రెండు దారుల తేడా కూడా బయటపడింది. ఛానల్ 4 హెచ్‌డీ 2018 ఫిబ్రవరిలో ఫ్రీశాట్ నుంచి వెళ్లిపోయి, మళ్లీ 2021 డిసెంబరులో గానీ తిరిగి రాలేదు. అంటే ఆ టెస్టులను ఫ్రీవ్యూ వాళ్లు హెచ్‌డీలో చూస్తే, ఫ్రీశాట్ వాళ్లు మసక బొమ్మతో సరిపెట్టుకున్నారు.

మసక బొమ్మకు చోటు తక్కువ పడుతుందన్నదొక్కటే ఓదార్పు. 500 జీబీ డిస్కులో మామూలు బొమ్మ సుమారు 300 గంటలు, హెచ్‌డీ సుమారు 125 గంటలు పడుతుంది. రోజుకు ఏడు గంటల చొప్పున అయిదు రోజుల టెస్టు 35 గంటలు. నాలుగు టెస్టులూ పూర్తిగా సాగి ఉంటే 140 గంటలయ్యేది, హెచ్‌డీలో డిస్కు చాలేది కాదు. అహ్మదాబాదులో జరిగిన మూడో టెస్టు రెండు రోజుల్లో ముగియబట్టి, మొత్తం ఆట పద్నాలుగు రోజులకే సరిపోయింది. బౌలర్ల పుణ్యమా అని డిస్కు బతికింది! ప్రతిసారీ ఇలా కుదరదు. ధరలో తేడా కొద్దిగానే ఉంటే 1 టీబీ తీసుకోండి.

రికార్డు చేసింది ఆ పెట్టెకే తాళం పడి ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. ముఖ్యంగా హెచ్‌డీ రికార్డింగు బయటి డిస్కులోకి వెళ్లినా సాధారణంగా మరో పెట్టెలో తెరుచుకోదు. పెట్టె పోతే అందులోవీ పోయినట్టే.

వాన, మంటలు

కుండపోత వానకు, డిష్ మీద పేరుకున్న మంచుకు ఫ్రీశాట్ కాసేపు తడబడుతుంది. గాలి స్తంభించి ఆకాశం నిర్మలంగా ఉన్న రోజుల్లో దూరపు స్తంభాల తరంగాలు వచ్చి పడి ఫ్రీవ్యూ తడబడుతుంది. రెండూ సరిసమానమే, వీటిని బట్టి ఎంచుకోవద్దు. 2021 ఆగస్టులో ఉత్తర యార్క్‌షైర్‌లోని బిల్స్‌డేల్ స్తంభానికి మంటలంటుకుని ఆ ప్రాంతంలో ఎన్నో ఇళ్లకు వారాల తరబడి ఫ్రీవ్యూ రాకుండా పోయింది. డిష్ ఉన్న వారికి ఆ బాధ తెలియలేదు. అలాంటివి అరుదు.

పాత పెట్టెలు

వాడిన పెట్టెలు ఇరవై, ముప్పై పౌండ్లకు దొరుకుతాయి. కొనకముందు ఒక్కటి అడగండి, "హెచ్‌డీ పెట్టేనా?" అని. 2024 జనవరి 8న బీబీసీ ఉపగ్రహం మీది మామూలు బొమ్మ ఛానళ్లను మూసేసింది. హెచ్‌డీ పట్టలేని ఫ్రీశాట్ పెట్టెలో ఇప్పుడు బీబీసీయే రాదు. ఫ్రీవ్యూలోనూ పాత పెట్టెలకు హెచ్‌డీ అందదు, దానికి టీ2 రకం ట్యూనర్ కావాలి. ఇక పాత పెట్టెల్లోని ఐప్లేయర్ (బీబీసీ కార్యక్రమాలను ఇంటర్నెట్ ద్వారా చూపేది) లాంటి సదుపాయాలను నమ్ముకోకండి. అవి ఒక్కొక్కటిగా రాలిపోతుంటాయి.

నా తీర్పు

పెద్ద స్తంభం వైపు చూసే మంచి యాంటెనా ఉంటే రెండో ఆలోచన లేకుండా ఫ్రీవ్యూ రికార్డర్ కొనండి. తీగ ఒక్కటి చాలు, నిచ్చెన ఖర్చు లేదు, ఇల్లు మారితే చంకన పెట్టుకుపోవచ్చు. మూడు మూటలే వచ్చే రిలే ఊళ్లో ఉన్నా, యాంటెనా పాడై డిష్, రెండు తీగలు సిద్ధంగా ఉన్నా ఫ్రీశాట్ వైపు వెళ్లండి. అద్దె ఇంట్లో కొత్త డిష్ పెట్టించాలంటే ఇంటి యజమాని అనుమతి కావాలి. పాత కట్టడాలను కాపాడే ప్రాంతాల్లో వీధి వైపు గోడకు పెట్టాలంటే స్థానిక సంస్థ అనుమతి కూడా అవసరం కావచ్చు. ఆ తిరుగుడంతా మీకు ఓపికుంటేనే.

ఈ వారం అభ్యాసం

కాగితం మీద నాలుగు సంగతులు రాయండి: గోడకు ఏ రకం ముక్కులు ఎన్ని ఉన్నాయి, యాంటెనా పుల్లలు ఎటు ఉన్నాయి, ఎల్‌ఎన్‌బీ నుంచి ఎన్ని తీగలు దిగుతున్నాయి, మీ పోస్టుకోడుకు ఫ్రీవ్యూ వెబ్‌సైటు ఎన్ని ఛానళ్లు చూపిస్తోంది. పొరుగు ఇళ్ల కప్పులు కూడా చూడండి. వీధిలో అందరికీ డిష్‌లే ఉండి యాంటెనా ఒక్కటీ లేకపోతే దానికేదో కారణం ఉంటుంది. పక్కింటి పెద్దాయనను అడిగితే ఆనందంగా అరగంట చెబుతారు.

వచ్చే పాఠంలో ధారావాహికలను వరుసగా రికార్డుకు పెట్టడం, ముందూ వెనకా నిమిషాలు కలపడం నేర్చుకుందాం. 2019 జులై 14న క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్‌ను ఛానల్ 4 మధ్యలో కార్ల పందెం కోసం తన మరో ఛానల్ మోర్4కు మార్చి, తర్వాత వెనక్కి తెచ్చింది. ఛానల్ 4 ఒక్కదానికే టైమర్ పెట్టిన వారి రికార్డింగులో లార్డ్స్ మైదానం పోయి సిల్వర్‌స్టోన్‌లో కార్లు పరుగెత్తాయి. అలాంటి రోజున ఏం చేయాలో అక్కడి నుంచే మొదలుపెడదాం.